ఎడమచేతి కొడవలి

2022 వేసవి. అనకాపల్లిలో నా స్టూడియోకి పెళ్లిళ్ల పని తగ్గి, పాత క్యాసెట్లనీ ఫిల్ములనీ కంప్యూటర్లోకి ఎక్కించే పని పెరిగిన రోజులు. నూకరత్నం అనే ఆవిడ ఒక రేకు డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. యాభై దాటిన మనిషి, ఎండుచేపలు అమ్ముతుంది. పుట్టింది కొండకర్లలో, మెట్టింది సముద్రం ఒడ్డున.

డబ్బాలో ఉన్నది పదహారు ఎం.ఎం. రీలు. పక్షుల గురించీ, చేతిపనుల గురించీ, ఊళ్ల గురించీ బడిపిల్లలకి చూపించడానికి ఒకప్పుడు తీసిన పది నిమిషాల పాఠం సినిమాల్లో ఒకటి. ఇది కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువు గురించి తీసింది. ఆ ఊరి బడి స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తూ మాస్టారు ఆమెకిచ్చేశారట. అందులో వాళ్లమ్మ ఉందని ఊళ్లో చెప్పుకునేవారు. రత్నానికి మూడేళ్లప్పుడే తల్లి పోయింది. ఫోటో లేదు, ముఖం గుర్తులేదు.

"ఎడంసేతి మనిషంట బాబూ. తుంగ కూడా ఎడంసేత్తోనే కోసీదంట. అదొక్కటే తెల్సు," అంది.

మూత తీశాను. పాత ఫిల్ము పాడైతే పులిసిన వాసన వస్తుంది, దాన్ని వినెగర్ సిండ్రోమ్ అంటాం. అది నేనెరిగిందే. కానీ ఈ ఫిల్ము అప్పడంలా వంకర్లు పోయి ఉంది. ఏం చేశావమ్మా అని అడిగాను.

"వాసనేత్తందని ఓ పూట ఎండేసేను. సేపలెండేసే పరదా మీదే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎండుచేపా ఇదీ ఒకటేనా అని నోటికొచ్చినట్టు తిట్టాను.

ఎండకి ఫిల్ము కుంచించుకుపోయింది. దాని అంచున ఉండే స్ప్రాకెట్ రంధ్రాలు స్కానర్ పళ్లకి అందవు, బలవంతంగా పట్టిస్తే చిరుగుతాయి. అందుకని ఆ పళ్లు పీకేసి, నున్నటి రబ్బరు చక్రాలు బిగించి, ఒక్కొక్క ఫ్రేమే చేత్తో లాగాను. ఉన్నది ఒక్కటే అవకాశం. కెమెరా ముందు నుంచి దాటగానే బొమ్మ పొట్టుగా రాలిపోతోంది. టైటిళ్లున్న మొదటి భాగం డబ్బాలోనే పొడైంది. శబ్దం మీద ఆశ వదులుకున్నాం. ఫ్యాన్ కట్టేసి, చెమటలు కారుతూ నాలుగు రోజులు. రత్నం పక్కనే స్టూలు మీద కూర్చునేది. మొదటి రెండు రోజులూ బాతులు, తామరలే. మూడోరోజు ఫిల్ము రెండుసార్లు తెగింది. నాలుగోరోజు జంట తాటిదోనెల మీద తుంగ కోస్తున్న ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు.

కంప్యూటర్లో నడిపి చూశాం. ఇద్దరికి కొడవలి ఎడమచేతిలోనే ఉంది. వాళ్లలో ఒకావిడ గడ్డం అచ్చం తన కూతురిదేనని రత్నం ఏడ్చింది. నేను ఆ ఫ్రేమ్ పెద్దది చేసి, ప్రింటు తీసి, పటం కట్టించి వారం తిరక్కుండా చేతికిచ్చాను. అప్పటికే ఇంట్లో గోడకి మేకు కూడా కొట్టించిందట.

పటం పట్టుకుని చాలాసేపు చూసింది.

"మావోళ్లు కుడిపైట ఎయ్యరు బాబూ. మరీళ్లు ముగ్గురూ ఏటి, కుడేపేసేరు?"

ఆ పైటలు నేనూ చూశాను. మా వైపు పాతతరం ఆడవాళ్లు కొందరు కుడిపైట వేసేవారు కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. ఈ రకం ఫిల్ముకి రంధ్రాలు ఒక అంచునే ఉంటాయి. స్కానర్‌కి పళ్లు ఉంటే ఒకవైపుగానే ఎక్కుతుంది. పళ్లు పీకేసింది నేనే, తిరగేసి ఎక్కించిందీ నేనే. చదివి పోల్చుకుందామంటే అక్షరం ఒక్కటి మిగల్లేదు. అద్దంలోలా కుడి ఎడమైపోయింది.

మీట నొక్కి బొమ్మను తిప్పాను. పైటలు ఎడమ భుజాల మీదికి వచ్చాయి. మేం తల్లి అనుకున్న మనిషి కుడిచేత్తో కోస్తోంది. ఎడమచేత్తో కోస్తున్నది మేం అసలు లెక్కలోకి తీసుకోని మూడో ఆవిడ. చివరి దోనెలో, వీపు మావైపు పెట్టి ఉంది. ముఖం ఎక్కడైనా కనిపిస్తుందో లేదో తెలియదు. మళ్లీ తీద్దామంటే ఫిల్ము సంచిలో పొట్టయి ఉంది. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ పోయాను. రత్నం నా కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. షాట్ అయిపోయే ముందు, ఎవరో పిలిచినట్టు ఆవిడ తల తిప్పింది. పదకొండు ఫ్రేములు. అర సెకను కూడా లేదు.

రత్నం ఏడవలేదు. తెర దగ్గరికి వంగింది.

"నాకన్నా సిన్నపిల్ల బాబూ," అంది.

నేను క్షమించమని అడిగాను. ఆవిడ ఇంకోసారి చూపించమంది.

గురివింద గింజ తన నలుపెరగదంటారు, అది నాకోసమే పుట్టిన సామెత. అప్పటినుంచి ఏ ఊరి ఫిల్మైనా ఆ ఊరి మనిషి కూర్చుని చూసి సరేననే దాకా ప్రింటు తీయను, ఎవరినీ తిట్టను. ఆమె ఆ రోజు పైట సంగతి అడక్కపోయి ఉంటే, ఆ ఇంట్లో అందరూ ఎవరికో దణ్ణం పెట్టుకుంటూ ఉండేవారు. కన్నతల్లి మాత్రం నా కంప్యూటర్లో వీపు తిప్పి అలాగే ఉండిపోయేది.