వదినె అని పిలిచిన మనిషి: రామప్పలో నా అరగంట

ముందుగా మన్నించండి. ఏడో తరగతితో నా చదువు ఆగింది. ఒత్తులు తప్పుతుంటాయి, నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. నేను కాగితాల మీద రాసిస్తే మా ఆడపడుచు జ్యోతి దిద్ది ఇక్కడ పెడుతోంది. రామప్పకు వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి తెలుస్తుందని అడిగింది కాబట్టి రాస్తున్నాను.

మా ఆయన సైన్యంలో కంప్యూటర్ల పని చేస్తారు. మిత్రదేశం నుంచి వచ్చిన సైనికులూ వీళ్ళూ కలిసి, శత్రువులు కంప్యూటర్లలోకి చొరబడకుండా కాపలా కాయడం నేర్చుకుంటున్నారు. సెలవు రోజున అందరినీ రామప్ప చూపించడానికి తెస్తున్నారని, నేనొస్తే అరగంట కలవొచ్చని ఆయన ఫోన్ చేశారు. మేము కలిసి నాలుగు నెలలైంది.

ఉదయం ఏడింటికి హనుమకొండలో ఏటూరునాగారం బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగేసరికి తొమ్మిది కావస్తోంది. అక్కడ పాలంపేట ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలు.

"నా పేరు సమ్మయ్య, మాది పాలంపేటనే. ఒక్కదానివేనా చెల్లె, ఇంకెవరన్న వస్తాండ్రా? వాపసు ఎన్నింటికి?" అన్నాడు డ్రైవర్.

ఏమీ లేని మాటే. కానీ వెంటనే ఇంకో మాట గుర్తొచ్చింది. ముందురోజు ఒకతను ఫోన్ చేసి ఇలాగే అడిగాడు. "వదినె, అన్నతోని పనిచేస్త. రేపు రామప్పకు బస్సు ఎన్నింటికి చేరుతదన్నడు? బయటి దేశపోళ్ళు ఎంతమంది?" వదినె అన్నాడు కదా అని తెలిసినదంతా చెప్పాను. సమ్మయ్య తన పేరూ ఊరూ చెప్పి అడిగాడు. ఫోన్ చేసినతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

గుడి మెట్ల దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. "ఏందే, గింత చిక్కినవ్? మా అమ్మ బువ్వ పెడ్తలేదా?" అని నవ్వారు. ఆ ఫోన్ సంగతి చెబితే ఈ అరగంట పోతుంది. వచ్చే నెల ఆ దేశానికి వెళ్ళే జట్టులో ఆయన పేరుంది, అదీ పోవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నల్లరాతి నాట్యకత్తెలను చూస్తూ ఒక చుట్టు తిరిగాం. రెండో చుట్టులో చెప్పేశాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఈడనే కూసో" అని పరుగున వెళ్ళారు. కాసేపటికి ఆ దేశపు ఆఫీసరమ్మను వెంటబెట్టుకొచ్చారు. ఆమె చెప్పులు విప్పి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. ఫోన్లో అతను ఏమన్నాడో మాట పొల్లుపోకుండా చెప్పమంది. ఆయన ఆమెకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చారు. వదినె అంటే ఏమిటని అడిగి పుస్తకంలో రాసుకుంది. వాళ్ళ దేశంలో కూడా సైనికుల ఇంటివాళ్ళకు ఇలాంటి ఫోన్లు ముద్దుపేర్లతో వస్తాయట. ఆమె సొంత అమ్మ కూడా ఒకసారి నాలాగే చెప్పేసిందట.

పావుగంటలో అందరినీ బస్సెక్కించారు. ఎక్కుతూ ఆయన, "ఇగ ఎవడన్న వదినె అంటె, నీ అన్న పేరేందిరా అని అడుగు జర" అన్నారు. తర్వాత ఫోన్లో చెప్పారు, ఆ దేశానికి ఆయన బదులు వేరొకరు వెళ్తున్నారని. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

రెండు దేశాలు కలిసి కాసే కాపలాలో నాలాంటిదానికి పనేముంటుందని అనుకునేదాన్ని. మా ఇంటి ఫోన్ కూడా అందులో ఒక తలుపేనని ఆ మెట్ల మీద తెలిసింది. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే చెప్పులు లేని కాళ్ళకు రాయి కాలుతుంది.

జ్యోతీ, ఇది టైపు చేశాక నా కాగితాలు కాల్చెయ్. మా ఆయనా ఆ సైనికులూ ఉండే చోటు పేరు కొట్టేశాను గానీ, వెలుతురులో పెట్టి చూస్తే ఇంకా కనిపిస్తోంది.