నా వంతు తిట్లు

శ్రీరాంపూర్ బొగ్గు గనిలో మేమిద్దరం తట్టలు మోసేవాళ్లం. సర్దారు పరీక్ష పాసైతే తట్ట నెత్తి మీంచి దిగుతుంది, పదిమందితో పని చేయించే కర్ర చేతికొస్తుంది. ఆ పరీక్షకు మమ్మల్ని తయారు చేయడానికి ఒక ముసలి సర్దారు ఒప్పుకున్నాడు. ఉస్తాద్ అనేవాళ్లం. పనికొస్తాడని తనకు తోచినవాణ్నే పరీక్షకు పంపుతానని ఆయన మొదటి రోజే చెప్పాడు.

రెండోవాడు వేములవాడ దిక్కు నేతపనివాళ్ల పిల్లవాడు. నాది మెట్‌పల్లి. వాడు మాట్లాడడు. నేను ఆపను.

నేర్చుకోవలసింది, చెప్పుకుంటే ఇంతే: కర్రతో పైకప్పు బండను కొట్టి వినాలి. గట్టి బండ కంచులా మోగుతుంది. పొర విడిన బండ డొల్లగా పలుకుతుంది. దాని కింద మనిషిని ఉంచకూడదు.

వాడు కొట్టి చెప్పగానే ఉస్తాద్ అందుకునేవాడు. "అరే గాడ్ది కొడుకా! గా మూల ఎవడు కొడ్తడు, మీ బాపు వస్తడా?" నేను కొట్టి చెప్తే మాత్రం, "మంచిగున్నది బిడ్డా" అని ముందుకు నడిచేవాడు.

మొదటి వారం వాడి మీద జాలిపడ్డాను. రెండో వారానికి అర్థమైంది: తిట్టు తిన్నచోట వాడు మళ్లీ తప్పు చేయడం లేదు. నేను మంచిగానే ఉన్నాను, ఉన్నచోటే ఉన్నాను. కడుపు మండింది. పెళ్లి పంక్తిలో పక్క విస్తట్లో లడ్డూను చూసినట్టు వాడి తిట్లను చూసేవాణ్ని.

ఒకరోజు, నాకు కూడా తెలిసిపోయేంత డొల్ల బండను కావాలనే గట్టిదన్నాను. ఉస్తాద్ నన్ను రెక్క పట్టి పక్కకు లాగి, "సరే బిడ్డా, రేపు చూద్దాం" అన్నాడు. చేసిన తప్పు కూడా దండగైంది.

"నేనేం పాపం జేసిన ఉస్తాద్? తిట్లన్నీ వానికేనా?" అని అడిగేశాను.

"జర నాయి గూడ తీస్కపో" అన్నాడు వాడు. నెల మొత్తానికి వాడి వాటా మాట అదొక్కటే.

ఉస్తాద్ నవ్వలేదు. "నువ్వు బండను కొట్టేటప్పుడు గూడ ఏదో ఒకటి అంటనే ఉంటవు. అది చెప్పేది నీకెట్ల ఇనవడ్తది? వాడు మగ్గం చప్పుడుల పోగు తెగితె గుర్తువట్టినోడు. ఇనెటోన్ని తిడ్తె ఫాయిద ఉంటది."

మరునాడు నోరు మూసుకుని గనిలోకి దిగాను. జ్వరమా అని నలుగురు అడిగారు. పైకప్పును కొట్టాను, ఆగాను, మళ్లీ కొట్టాను. మూడో దెబ్బకు, మోత వెనకాల ఖాళీ కుండలాంటి చిన్న చప్పుడు. ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది, నా మాటల కింద.

"డొల్ల" అన్నాను.

"అరే అడ్డగాడ్దీ! డొల్లనుకుంట దాని కిందనే నిలవడ్తవా? నీ పెండ్లి పందిరనుకున్నవా?"

పక్కకు దూకాను. దూకుతూ చూసింది పైకప్పును కాదు, వాణ్ని. నాకు పడ్డ తిట్టు విన్నాడా లేదా అని.

విన్నాడు. అయినా ఆ ఏడాది పరీక్షకు ఉస్తాద్ పంపింది వాణ్నే. వాడు కర్ర పట్టుకుని తిరిగొచ్చిన రోజు నా కడుపు చల్లగా ఉందని చెప్పను. కానీ ఆ తర్వాతి ఏడాదంతా ఉస్తాద్ తిట్లలో ఎవడికీ వాటా లేదు. అన్నీ నావే.