కల్లు మానడానికి కల్లుపాకకి

గోదారి మీద ఆనకట్ట లేచిన కొత్తలో సంగతి. అంబాజీపేట నుంచి ముమ్మిడివరం దాకా కొబ్బరికాయల పడవ నడిపేవాణ్ణి. పగలంతా గడ వేసి, ఒళ్లు నొప్పులని సాయంత్రం కల్లు పట్టించేవాణ్ణి. కొన్నాళ్లకి నొప్పులు లేకపోయినా పట్టించేవాణ్ణి. మా పిల్ల బారసాల నాడు చెవిలో పేరు చెప్పాల్సిన తండ్రిని నేను పడవలో గుర్రుపెట్టి నిద్రపోయేను. మామగారే చెప్పేరు.

దాంతో ముమ్మిడివరంలో పుట్టింట పురుడు పోసుకున్న నా భార్య అక్కడే ఉండిపోయింది. నలభై రోజులు చుక్క ముట్టకుండా ఉండాలంది. ముట్టలేదని నేను చెబితే చాలదు, వాళ్ల నాన్నగారు నమ్మే పెద్దమనిషి చెప్పాలంది. మామగారు అరుగు మీద కూర్చుని, తాగుబోతు మాట నీటి మీద రాతన్నారు. ఆయన మాటంటే ఆ ఊళ్లో తీర్పే.

ఒంటరిగా మానడం నావల్ల కాదని నాలుగు రోజుల్లో తెలిసింది. మానాలనుకునే వాళ్లు నలుగురు కూర్చునే చోటు కోసం వెతికేను. భజన మంచిదంటే మా పేటలో భజనకెళ్లేను. గొంతు పోయేలా పాడేం. అంతా అయ్యాక, అమ్మవారికి పెట్టిన కల్లు తీర్థమని అందరికీ తలో చిప్పా పోసేరు. తీర్థం కాదంటే అపచారం కదండీ. ఆ రాత్రి నన్ను ఇంటికి మోసుకొచ్చింది కూడా ఆ భజన వాళ్లే, మళ్లీ పాడుకుంటూ.

తరవాత కొత్తపేటలో ఒక పంతులుగారి సభకెళ్లేను. అక్కడ జన్మలో ఎవ్వరూ తాగలేదు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, "చూడండి నాయనా, తాగితే ఇలాగవుతారు" అని అందరికీ చూపించేరు. ఒకావిడ నా కళ్ల కింద వాపు దగ్గరగా చూసి మరీ వెళ్లింది. ఒళ్లు మండిపోయింది నాకు. ఇలాంటి మర్యాద చేయించుకోడానికి ఇంతదూరం రావాలా!

అట్నుంచి అటే ముమ్మిడివరం పోయి, పిల్లని ఒక్కసారి చూస్తానన్నాను. సాక్ష్యం తెచ్చుకోమని తలుపు వెనకనుంచే చెప్పింది నా భార్య. ఇంక నలభై లేదు, నాలుగు లేదు, పోతే పోనీ అనుకుని, ఊరి చివర కల్లు గీసే ఆయన పాకకి తిన్నగా నడిచేను. పొద్దు వాలుతోంది, చెట్ల మీంచి కల్లు లొట్లు దిగే వేళ. అడిగీ అడక్కుండానే ఒక లొట్టి లాక్కుని గటగటా తాగేసేను.

తియ్యగా ఉంది! మత్తు లేదు, పులుపు లేదు. మండిపడి, ఇదేం కల్లయ్యా అని అరిచేను. ఆయన నవ్వి, లొట్టికి లోపల సున్నం రాస్తే పులవదని, ఈ వేళకి ఇక్కడ దొరికేది ఇదేనని చెప్పేడు. అప్పుడు చూసేను. పాక నీడలో ఆరుగురు గుండ్రంగా కూర్చుని తాటినార తాళ్లు పేనుతున్నారు. అందులో ఒకాయన మా మామగారు.

ఇద్దరికీ దొంగకి తేలు కుట్టినట్టయింది.

"అల్లుడుగారూ, ఇలా వచ్చేరేం?" అన్నారాయన.

"పడవకి తాడు కావాలండి."

"ఆయ్, నేనూ తాడు కోసమేనండి."

ఆయన చేతిలో తాడు అప్పటికే బారెడు ఉంది.

గీసే ఆయనే అసలు సంగతి చెప్పి ఇద్దర్నీ కాపాడేడు. తనూ ఒకప్పుడు చెట్టు మీదే తాగి, నడుముకి కట్టుకున్న మోకు తెగి పడ్డవాడే. మానాలనుకునే వాళ్లంతా లొట్లు దిగే ఆ గంటా అక్కడే కూర్చుంటారు. చేతులకి నార, నోటికి తీపి కల్లు. తాగాలనిపిస్తే దాచకుండా పైకి చెప్పాలి, అంతే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కనక ఊళ్లో ఎవరికీ చెప్పుకోరు. నేనూ మామగారి పక్కన కూర్చుని నార అందుకున్నాను. ఆ రోజు నా వంతు వచ్చేసరికి, ఇందాక తాగడానికే వచ్చేనని ఏడ్చేసేను. మామగారు తల ఎత్తకుండా, "నాకూ రోజూ అనిపిస్తుందండీ" అన్నారు.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం పడవ అక్కడే కట్టి, పాకలో కూర్చుంటూ నలభై రోజులూ గడిపేను. కానీ సాక్ష్యం ఎవరు చెబుతారు? కల్లు గీసే ఆయన వచ్చి మా వాడు కల్లు తాగలేదంటే కుక్కలు కూడా నవ్వుతాయి. మామగారిని అడగడానికి నాకు నోరు రాలేదు. నలభై ఒకటో నాడు వట్టి చేతులతో వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. పెద్దమనిషి ఏడీ అని నా భార్య అడిగింది.

అరుగు మీంచి మామగారు లేచేరు. "నేనేనమ్మా," అన్నారు. "నలభై రోజులూ కల్లుపాకలో ఈయన పక్కనే కూర్చున్నాను, చుక్క ముట్టలేదీయన. తాగుడు మానాలని నేను అక్కడ కూర్చోబట్టి రెండేళ్లయింది. నువ్వు పుట్టకముందు నుంచీ తాగేవాణ్ణి."

నా భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. అత్తగారు మాత్రం వంటింట్లోంచి వచ్చి, "ఇన్నాళ్లకి మీ నోటితో చెప్పేరు," అని చెంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఊరంతా తీర్పులు చెప్పిన మనిషి, కూతురి ఎదట చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా కాపురం కోసం ఆయన తన పెద్దరికం అంతా ఇచ్చేసేరు. నా భార్య లోపలికెళ్లి పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

నేను మామగారి కాళ్లకి దండం పెట్టబోతే ఆయన వెనక్కి జరిగేరు.

"లొట్లు దిగే వేళయింది, పదండి," అన్నారు. "ఇవాళ నాకు మరీ తాగాలనిపిస్తోంది."