చింతగింజల లెక్క

గోదావరిఖనిలో బొగ్గుబాయిపని దొరికేనాటికి పోశానికి మీసం కూడా సరిగ్గా మొలవలేదు. మంథని దిక్కున ఊళ్ళో కాస్త చెలక ఉండేది. వాన పడితే పంట, లేకపోతే మంట. తండ్రి పోయాక ఇక లాభం లేదనుకుని, తల్లి లస్మవ్వను వెంటబెట్టుకుని నెత్తిన మూటతో వచ్చి బాయికి కనుచూపు దూరంలో గుడిసె వేసుకున్నాడు. భూమి లోపల పేల్చి పడగొట్టిన బొగ్గును చెమ్మసు పారతో తట్టకెత్తి పట్టాల మీది టబ్బులో వంపడం అతని పని. పైకొచ్చేసరికి కళ్ళు, పళ్ళు తప్ప మనిషంతా నలుపే.

పోశం మాటలు తక్కువ మనిషి. ఎవరేమడిగినా ‘ఊ’ అనేవాడు. పని చేయించే సర్దారు అడిగినా ఊ, తోటివాడు అడిగినా ఊ, తల్లి అడిగినా ఊ. “నీ నోట్ల బొగ్గుపెళ్ళ గిట్ల ఇరికిందా బావా?” అని పెళ్ళాం అనసూర్య ఎగతాళి చేసేది. దానికీ ఊ అనే నవ్వేవాడు.

బాయి మీద బతికే వాళ్ళకు క్యాలెండరు షిఫ్టే. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండో షిఫ్టు, ఒక వారం నైటు. మళ్ళీ మొదటికి. గుడిసెల్లో ఏ ముచ్చటైనా దాన్ని బట్టే నడిచేది. ఫలానావాళ్ళ బర్రె ఈనింది ఎప్పుడంటే, మా ఆయన రెండో షిఫ్టు వారంలో అని చెప్పేవాళ్ళు.

అరవై ఎనిమిదిలో అనసూర్యకు నెల తప్పింది. తొలికాన్పు. ఆమెకు తల్లి లేదు కాబట్టి పుట్టింటికి పోయే ముచ్చట లేదు. లస్మవ్వకు దాంతో దిగులేం కలగలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆమె ఎందరికో కాన్పులు చేసింది. ఆమె చెయ్యి మంచిదని పక్క ఊళ్ళ నుంచి కూడా బండి కట్టుకుని వచ్చేవాళ్ళు.

“ఆఖరుసారి ఎప్పుడు తానం జేసినవే బిడ్డా?” అని కోడల్ని అడిగింది.

“ఆయన నైటున్నప్పుడు. పగలు పండుకుంటే సప్పుడు గాకుంట నీళ్ళు పోసుకున్న.”

ఊళ్ళో అయితే లస్మవ్వ అమావాస్యలు లెక్కబెట్టేది. ఇక్కడ కొడుకు డ్యూటీ కళ్ళముందే ఉంది కదా! వారాలు వేళ్ళ మీద కూడి, మూడు వారాలకోసారి నైటు కాబట్టి పదమూడు నైటు వారాలు దాటితే కాన్పు అని తేల్చింది. కొడుకు నైటుకు పోయిన ప్రతి వారం పొయ్యి పక్కనున్న ముంతలో ఒక చింతగింజ వేసేది.

ఆ లెక్క తప్పయ్యేది కాదు. తప్పింది పోశం వల్ల.

మొగిలి అని పోశానికి దోస్తు, వేరే బ్యాచిలో పనిచేసేవాడు. మేడారం జాతర అయిన కొన్నాళ్ళకు అతని పెళ్ళాం సారక్క జ్వరంతో మంచాన పడింది. “రాత్రిపూట పిల్లలను పట్టుకోని ఒక్కతే ఉండలేకపోతున్నదన్నా. నా నైటు నువ్వు జెయ్యి, నీ పగటి షిఫ్టు నేను జేస్త. సర్దారుకు నేను చెప్పుకుంట” అన్నాడు. పోశం ఊ అన్నాడు. ఎండాకాలంలో సారక్కకు జ్వరం తిరగబెట్టింది. మొగిలి మళ్ళీ అడిగాడు. పోశం మళ్ళీ ఊ అన్నాడు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే లస్మవ్వ ఊరుకునేది కాదు. మంది కోసం నిద్ర పాడుచేసుకుంటవా అని నెత్తీనోరూ కొట్టుకునేది. ఒకరోజు పొద్దున అతను నైటు దిగివచ్చి నులకమంచం మీద పడితే, ఆమె అనుమానంగా అడిగింది కూడా.

“ఏందిరా, మొన్న మొన్ననే గద నైటు అయింది. మల్ల నైటేనా?”

“ఊ. గట్లనే వచ్చింది. పండనియ్యే అవ్వా.”

లస్మవ్వ ముంతలో గింజ వేసింది. అలా రెండు గింజలు ఎక్కువ పడ్డాయి. ఒక్కో గింజ అంటే ఆమె లెక్కలో మూడు వారాలు, రెంటికీ కలిపి ఆరు వారాలు ముందుకు జరిగింది.

వానలు పడే రోజుల్లో అనసూర్య కాళ్ళు వాచాయి. అత్తాకోడళ్ళు దవాఖానకు పోయారు. అక్కడ సుసన్నా అనే నర్సు కడుపు చేత్తో తడిమి చూసి, ఇంకా నెలకు పైనే పడుతుందంది. ఆ సంగతి లస్మవ్వ ఇంటికొచ్చి చేతులు తిప్పుతూ చెప్పింది.

“ఇంక టైముందట! నేను కోసిన బొడ్లన్ని లెవ్వు గా పోరి నెత్తి మీద ఎంటికలు. ముంత నిండవట్టె, ఇంక టైమెక్కడిది? మీదికెల్లి నెలలు దాటితే బిడ్డ లోపల్నే ఎండుతది.”

పోశం అప్పుడు అన్నం తింటున్నాడు. తల్లి చూపు పోయిన దిక్కే అతని చూపూ పోయింది. ముంత. మొగిలి నైట్లు గుర్తొచ్చాయి. నోట్లో ముద్ద అలాగే ఆగింది. చెప్పాలనుకున్నాడు. చెబితే తిట్లు. తిట్లు తిన్నాక ఎందుకు దాచావని ఇంకా తిట్లు. ఇంతలో షిఫ్టుకు పిలిచే బాయి కూత వినబడింది. వచ్చాక చెబుదాంలే అని చెయ్యి కడుక్కుని లేచాడు. వచ్చాక ఒళ్ళు హూనమై పడుకున్నాడు. మర్నాడు మర్చిపోయాడని అనలేం. గుర్తుంది. కానీ ఆడవాళ్ళ ముచ్చట, వాళ్ళకే బాగా తెలుస్తుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆ వారమే లస్మవ్వ నొప్పుల మందు కాచింది. మిరియాలు, సొంఠి, పాతబెల్లం కలిపిన కషాయం. దాని వెనక ఆముదం. ఊళ్ళో ఆమె ఆ కషాయం ఇచ్చేది నొప్పులు మొదలై చల్లబడిన వాళ్ళకే. నొప్పులే రాని మనిషికి ఇవ్వడం ఆమెకూ అదే మొదలు. “ముక్కు మూసుకోని తాగు బిడ్డా, పొద్దుగూకే వరకు పిల్ల ఒళ్ళెకొస్తది” అని బుజ్జగించింది. అనసూర్య తాగింది.

మధ్యాహ్నానికి విరేచనాలు పట్టుకున్నాయి. పట్టినవి ఆగలేదు. తాగిన నీళ్ళు కూడా కక్కుకుంది. నాలుక పిడచకట్టింది. ఆ తర్వాత కడుపు రాయిలా బిగిసింది. మామూలుగా నొప్పికీ నొప్పికీ నడుమ ఊపిరి పీల్చుకునే సందు ఉంటుంది. ఆ సందే లేదు. చూస్తుంటే లస్మవ్వకు చేతులు ఆడలేదు. చుట్టుపక్కల వాళ్ళు మంచంతో సహా ఎత్తుకుని దవాఖానకు నడిచారు.

బాయి లోపలికి కబురు పోయింది. పోశం ఎలా ఎక్కాడో, ఎలా పరుగెత్తాడో, బొగ్గుమొహంతోనే దవాఖాన వరండాలో వచ్చి పడ్డాడు. తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా సుసన్నా.

“అవ్వా, మల్లొకసారి అడుగుతున్న. ఏమన్న తాపిండ్రా?”

“ఏం తాపలే బిడ్డా. నెలలు నిండినయి, నొప్పులొచ్చినయి.”

సుసన్నా పోశం వైపు తిరిగింది. “నువ్వన్న చెప్పు అన్నా. లోపల బిడ్డ గుండె నెమ్మదైతున్నది. ఏమిచ్చిండ్రో, నిజంగ ఎన్ని నెలలో తెలిస్తే డాక్టరమ్మ దాన్నిబట్టి చేస్తది. నేనేం ఠాణాల పెట్ట.”

పోశం ఆమెను పక్కకు రమ్మన్నాడు. తల్లికి వినబడనంత దూరం పోయాడు. గొంతు తగ్గించి అంతా చెప్పాడు. పొద్దున గుడిసెలో ఆముదం వాసన వచ్చిన సంగతి, మొగిలి నైట్లు, ముంతలో ఎక్కువ పడ్డ గింజలు.

సుసన్నా మొహం మాడిపోయింది. “ఇంక నెలకు పైనే ఉన్నదని అవ్వకు చెప్పిన గదన్నా ఆ దినం! ఆముదం పేగులను గుంజుతది, దాంతోని గర్భసంచి గూడ బిగుసుకుంటది. ఇడుపు లేకుంట బిగిస్తే లోపలి బిడ్డకు ఊపిరెట్ల? తల్లి ఒంట్ల నీరంత పాయె. నిండిన బిడ్డకే గండం. గిది నిండనే లేదు.”

ఆమె లోపలికి పరుగెత్తింది. సెలైన్ పెట్టారు. చేయగలిగిందంతా చేశారు. అనసూర్య దక్కింది. ఆడపిల్ల పుట్టింది. పోశం రెండు అరచేతుల్లో పట్టేంత. ఏడవడానికి నోరు తెరిచేది గాని చప్పుడు వచ్చేది కాదు. మూడో నాడు ఆ నోరు తెరవడం కూడా ఆగిపోయింది.

గోదావరి ఒడ్డున పాతిపెట్టి వచ్చాక లస్మవ్వ ముంతను బయట నేలకేసి కొట్టింది. “నా చేత్తోనే సంపుకున్న” అని ఒక్క మాట అంది. పోశం పక్కనే ఉన్నాడు. నర్సుకు చెప్పిన మాట తల్లికి చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడే పుట్టెడు దుఃఖంలో ఉంది, తర్వాత చెబుదాం అనుకున్నాడు.

ఆ తర్వాత అనేది ఏళ్ళు గడిచినా రాలేదు.

గుడిసె పోయి కంపెనీ క్వార్టరు వచ్చింది. అనసూర్యకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ఇద్దరూ దవాఖానలోనే. లస్మవ్వ వాళ్ళు నడక నేర్చేదాకా ఎత్తుకోలేదు. ఎత్తుకొమ్మని కోడలు ఒళ్ళో పెట్టబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. నెత్తికి ఆముదం మానేసింది, మొహం మీద వెంట్రుకలు జీబురుగా వేలాడేవి. ఎవరైనా కాన్పుకు పిలిస్తే “నా చెయ్యి మంచిది గాదు” అనేది. ఆ మాట విన్నప్పుడల్లా పోశం లేచి బయటికి పోయేవాడు. బీడీ ముట్టించి, సగం కాలకముందే పారేసి, ఇంకోటి ముట్టించేవాడు. బాయిలో పైకప్పు విరిగి పడే చప్పుడు విన్నా అంతగా ఉలిక్కిపడేవాడు కాదు.

డెబ్బై నాలుగులో ఒక పగటిపూట సారక్క వచ్చింది. పోశం రెండో షిఫ్టుకు తయారవుతున్నాడు. అనసూర్య లోపల క్యారియరు సర్దుతోంది.

“అత్తా, మా చెల్లెకు దినాలు దాటవట్టె. ఇంక నొప్పులు రాలె. నువ్వు కాసే మందు జెర...”

“నన్ను అడుగకు సారక్కా. నా చేతుల పాపమున్నది.”

“గట్లంటవేందత్తా? మీ ఇంటోళ్ళ చెయ్యి మంచిదే. నేను మంచాన పడ్డప్పుడు పోశన్న మా ఆయన నైట్లన్ని చెయ్యకపోతే నేను బతుకుదునా?”

లస్మవ్వ తలెత్తింది. “ఏం నైట్లు?”

“నీకు ఎర్కలేదా? అదెప్పుడో... ఎప్పుడన్నా అది?” అని సారక్క పోశాన్ని అడిగింది.

ఆమెకు గుర్తులేదు. తన పెళ్ళికి ముందని పోశం ఒక్క అబద్ధం ఆడినా సరిపోతుంది. పోశం చేతిలో అంగీ పట్టుకుని నిలబడ్డాడు. తల్లి జీబురు జుట్టు చూశాడు.

“జాతర అయినంక ఒకపారి. ఎండకాలం ఒకపారి. పిల్ల కడుపుల ఉన్న ఏడు” అన్నాడు. “నువ్వు అడిగితివి అవ్వా. నేను గట్లనే వచ్చింది అంటి. రెండు గింజలు నావల్ల ఎక్కువ పడ్డయి. నర్సుకు చెప్పిన. నీకు చెప్పలేకపోయిన.”

లస్మవ్వ చాలాసేపు వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ కూర్చుంది. లెక్క మళ్ళీ కడుతోందని పోశానికి తెలుస్తూనే ఉంది.

“ఆరేండ్లు” అంది చివరికి. “ఆరేండ్ల నుంచి నా మొకం జూసుకుంట బువ్వ ఎట్ల తిన్నవురా?”

పోశం ఊ అనలేదు.

“లెక్క నువ్వు తప్పిచ్చినవు. తాపింది మాత్రం నేనే. గింజలు సరిగ్గ ఉన్నా గా మందు ఏం జేస్తుండెనో నాకేం ఎర్క? ఊళ్ళె బతికినోళ్ళనే యాదికుంచుకున్న. బతకనోళ్ళు గూడ ఉన్నరు. గాళ్ళది దేవుని రాత అనుకుంటి.” ఆమె కొంగు బిగించి లేచింది. “నడువు సారక్కా. నీ చెల్లెను తీస్కరా, దవాఖానకు పోదాం. నేనొస్త.”

కొడుకు వైపు చూడకుండానే గడప దాటింది.

లోపల గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. అనసూర్య క్యారియరుతో బయటికి వచ్చింది. అంతా వినే ఉంటుంది. అతని చేతికి ఇవ్వలేదు, గడప మీద పెట్టింది.

“ఈ వారం నీది ఏ షిఫ్టు?” అని అడిగింది.

పొద్దున తానే అన్నం వండింది. షిఫ్టు ఏదో ఆమెకు తెలుసు.

“రెండో షిఫ్టు” అన్నాడు పోశం.

“నిజమేనా?”