ఫోర్మన్ గారి గుంజీలు

2023లో నేను దోహాలో, అల్ మన్సూరాలోని ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవాళ్ళలో సగం మందికి నొప్పి తగ్గాలి, మిగతా సగం మందికి వయసు తగ్గాలి. జలీల్ భాయ్ రెండో రకం. నిజామాబాద్ వైపు మనిషి, అరవైకి దగ్గర. బిర్కత్ అల్ అవామిర్‌లో లేబర్ క్యాంపు, భవనాలు కట్టే కంపెనీలో ఫోర్మన్ డ్యూటీ. జుట్టుకు నల్లరంగు వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చి కూర్చున్నారు.

"వయసు దిగే సూది ఏదో వచ్చిందంట గద బేటీ. అది ఏసెయ్, యల్లా, జల్ది."

"అలాంటి సూది మాఫీ చాచా, లేనే లేదు. అసలు ఇబ్బందేంటో చెప్పండి."

ఆయన గొంతు తగ్గించారు. "సజ్దాకి నేల మీద నుదురు పెట్టిన్నంటే మళ్ల లేస్తలేను. యాడాది సంది మసీదుల ఎనక కుర్చీ ఏస్కొని నమాజ్ చదువుతున్న. నా కింద పనిచేసేటోళ్లంత ముందు వరుసల ఉంటరు. సిగ్గయితది."

ఆ మాటకు నాకు జాలేసింది. పరీక్షించి చూస్తే కీళ్ళు బాగానే ఉన్నాయి, తొడల కండే కరిగిపోయింది. వయసుతో ఇలా కండ తగ్గడాన్ని సార్కోపీనియా అంటాం. పోయిన వయసు తిరిగి రాదు గానీ, కష్టపెడితే కండ చాలావరకు వస్తుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చునే 'సిట్ టు స్టాండ్' రోజూ చేయమన్నాను. గుడ్లు, పప్పు బాగా తినమన్నాను.

నెలన్నర తర్వాత వచ్చారు. లేవమంటే రెండు చేతులూ కుర్చీకి ఆనించి, మూలుగుతూ లేచారు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

"రోజూ చేశారా చాచా?"

"ఒక్క రోజు నాగా లేదు. శక్ ఉంటే చూస్కో" అని ఫోన్‌లో వీడియో పెట్టారు. క్యాంపు గదిలో ఆరుగురు మగాళ్ళు మంచాల మీంచి లేస్తూ, కూర్చుంటూ చెమటలు కక్కుతున్నారు. వెనక నుంచి జలీల్ భాయ్ గొంతు లెక్కపెడుతోంది.

"ఇందులో మీరేరి?"

"నాది సూపర్‌విజన్ గద."

ఏళ్ళ తరబడి పని చేయించడానికి అలవాటుపడ్డ మనిషి. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. "వాళ్ళు గుంజీలు తీస్తే మీ తొడలకు బలమెలా వస్తుంది చాచా?"

ఆయన వీడియోలో ఒకతన్ని వేలితో చూపించారు. "అందుకేనా, మా సత్తెన్న మోకాలు నొప్పి పోయిందన్నడు."

వెంటనే ఆ గదిలోనే ఉండే సత్తెన్నకు ఫోన్ చేయించాను. ఇక మీదట లెక్క అతను పెట్టాలి, చేసేది జలీల్ భాయ్ అని చెప్పాను.

"ఫోర్మన్‌తోని గుంజీలు తీపియ్యాల్నా మేడం?" అన్నాడు. తర్వాత, "రోజూనా?" అన్నాడు. రెండో ప్రశ్నలో సంతోషం దాగలేదు.

మూడు నెలలకు జలీల్ భాయ్ ఫిర్యాదుతో వచ్చారు. "సగం లేసినంక సత్తెన్న లెక్క ఆపి చాయ్ తాగుతడు బేటీ. అందాక నేను అట్లనే వంగి ఉండాలె." అంటూనే నేల మీద మోకరిల్లి, నుదురు ఆనించి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి లేచారు. నాకు కళ్ళు చెమర్చాయి.

"మరి మసీదులో కుర్చీ?"

"ఎనకనే ఉంది. మొన్న ముందు వరుసల నిలబడ్డ. నా కింద పనిచేసే కార్పెంటరే జరిగి జాగిచ్చిండు."

వ్యాయామం ఎలా చేయాలో చెప్పడం సగం పనేనని ఆ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరికి ఏం రాసిచ్చినా మొదటి వాక్యం ఒకటే: ఇది మీరే చేయాలి.