ఎంగిలి చిప్ప

మా దీవిలో సాయంత్రాలు అందరం తాగే మత్తు పానీయం యంగోనా కలిపేది విలిమోనియే. చాప మీద బాసింపట్టు వేసుకుని, వేరుపొడిని గుడ్డలో మూటగట్టి, చెక్కతొట్టి నీళ్లలో బురదరంగు దిగేదాకా తాపీగా పిసుకుతాడు. తాగడానికి అందరికీ ఒకటే కొబ్బరిచిప్ప. దాన్ని పీచుతో తోమి నిగనిగలాడించే పని పెళ్లానికి కూడా అప్పగించడు. పెద్దరికాన్ని బట్టి వరసగా అందిస్తాడు. ఆ వరస అతని చేతిలో ఎన్నడూ తప్పింది లేదు.

సువా పట్నం ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు విలిమోని మేనల్లుడు అపెనిసా తన సత్తు గ్లాసు తెచ్చుకుని చాప అంచున కూర్చున్నాడు. అతనికి హెచ్ఐవీ అని అందరికీ తెలుసు. పక్కనున్నవాళ్లు కాస్త ఎడంగా జరిగారు. విలిమోని ఆ గ్లాసు లాక్కుని తొడ కింద పెట్టుకున్నాడు. వరసలో చివర అతని వంతు రాగానే చిప్ప నింపి అందించాడు. అపెనిసా తలొంచుకుని ఆచారం ప్రకారం ఒక్కసారి చప్పట్లు చరిచి తాగాడు. రెండో చుట్టులో మొదటి వంతు పెద్దాయన సెమీది. విలిమోని అదే చిప్పను కడక్కుండా తొట్టిలో ముంచి, గటగటా తనే తాగేశాడు.

"ఏరా, వరస మర్చిపోయావా?" అన్నాడు సెమీ.

"దాహమేసింది పెద్దయ్యా. ఆ పురుగుని అణిచే సరుకేదో మన ఉమ్మిలోనే ఉందంట, ఎంగిలితో అంటుకోదంట. మా నర్సు కోడలు చెప్పింది."

"ఆ కబుర్లు తరవాత. ముందు నా వంతు పొయ్యి. నిండుగా!"

ఇంటికి లేస్తూ అపెనిసా, "నా గ్లాసు, మావా" అన్నాడు.

"అందులో మీ అత్త ఉప్పు పోసుకుంటుందిరా. ఇక నీకు చిప్పే గతి."