వేపదర్వాజ ఆరేదాకా

మా మామ, మా ఆయన తండ్రి, మొన్న ఆదివారం పొద్దున పోయాడు. సొంతింట్లోనే పోయాడు. ఈ రెండో మాట చెప్పేటప్పుడు ఏడుపుకంటే ముందు నాకు గుండె తేలికవుతోంది. కిరాయిళ్లలో ఉన్నవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

గోదావరిఖని గనిలో కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని ఆయనది. రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక అందరం కిరాయింట్లోకి వచ్చాం. పక్క పోర్షన్ ముసలమ్మ దవాఖానలో చనిపోతే, ఓనరు శవాన్ని గేటు లోపలికి రానివ్వలేదు. రోడ్డు పక్కన టెంటు కింద పడుకోబెట్టారు. అప్పటినుంచి మామ దగ్గినప్పుడల్లా నేను ఆ గేటు వైపు చూసేదాన్ని.

మాకు జాగా ఉంది, ఇటుక దిగింది. గుమ్మం చట్రం, అదే దర్వాజ, ఎత్తితే గోడలు లేస్తాయి. దర్వాజకు, తలుపులకు మామ తన చేనులోని వేపచెట్టు కొట్టించాడు. పచ్చికట్టెతోనే చేసేద్దామన్నాడు వడ్లాయన.

"ఎండకాలమొస్తే గుంజుకపోతది. సందులకెళ్లి తేళ్లొస్తయి. ఆరనియ్యిర్రి" అన్నాడు మామ.

దుంగను ఎండలో నేలమీద పడేయనివ్వలేదు. నీడన రాళ్లమీదికి ఎక్కించి, రెండు కొసలకూ పేడ, మట్టి కలిపి మెత్తాడు. కొసలు ముందే ఆరితే పగుళ్లు పడతాయట. కోయించాక చెక్కల మధ్య సన్నటి పుల్లలు పెట్టి గాలాడేలా పేర్చాడు. రోజూ చాయ్ తాగి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు వాటిని తడిమి చూసేవాడు. ఈలోగా దర్వాజ ఎత్తే ముహూర్తం దాటిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"కట్టె ఆరేదాకా నువ్వుండాలె గద మామా" అని ఒకరోజు అనేశాను.

ఆయన నవ్వాడు. "నాకు ఫికర్ లేదా బిడ్డా? గని కింద నా నెత్తిమీద కప్పును కట్టెనే మోసింది. దాన్ని తొందరపెట్ట. ఆరేదాకా ఉంట తియ్యి."

ఉన్నాడు. దర్వాజకు పసుపు రాస్తుంటే కుర్చీ వేసుకుని కూర్చుని, పూత పలచగా ఉందని నన్ను రెండు మాటలన్నాడు కూడా. ఇల్లు లేచి అందులోకి వచ్చాక, ప్రతి ఎండాకాలం సందు పడిందేమోనని తలుపుల మధ్య బీడీ ఆకు దూర్చి చూసేవాడు. దూరకపోతే నన్ను పిలిచి చూపించేవాడు. తెలంగాణ వచ్చిన సంబురం కూడా ఆ దర్వాజ గడప మీద కూర్చునే చూశాడు.

ఆయన పోయిన ఆదివారం ముసురు పట్టింది. ఈ కాలంలో వాడలో తలుపులన్నీ ఉబ్బి, భుజంతో నెడితేగానీ తెరుచుకోవు. మా తలుపు రెక్కలు రెండూ నేను ఒక్క చేత్తో తీశాను. వాన వల్ల ఆయనను వాకిట్లోకి దించకుండా, దర్వాజ లోపలే పడుకోబెట్టాం. వచ్చినవాళ్లు చెప్పులు వానలో విడిచి, ఎవరినీ అడగకుండా లోపలికి వచ్చారు.